జీడితోటలో పర సంపర్కం

పరపరాగ సంపర్కం అనే మాట ఎంత బరువో ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఫోనులో చెప్పి చూసినవాళ్లకే తెలుస్తుంది. తొంభైల చివర నేను పలాసలో ఒక దినపత్రికకు విలేకరిని. మామూలు వార్తల్ని కవర్లో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. తొందర వార్తలైతే ఫోనులో చెప్పాలి. ఇది తొందర వార్తే. దీని మీద వేల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. అన్నీ ఈగలవే అనుకోండి.

ఆ పొద్దున్న సోంపేట దగ్గరి ఊరి నుంచి ఒక జీడిరైతు వచ్చి, తువ్వాలులో చుట్టి తెచ్చిన పూతకొమ్మను నా బల్ల మీద పెట్టాడు. ఆయన తోటలో తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాడు. పక్క తోట ఆయన బావది, అంటే భార్య అన్నగారిది.

“మా బావ రేపు మందు కొడతానంతన్నాడండి. పూత మీద మందు పడితే నా ఈగలు ఒక్క పూటలో పోతాయి. పేపర్లో ఎయ్యండి.”

“మీరే నచ్చజెప్పలేకపోయారా?”

“సెప్పినాను. ‘నీ ఈగలకి నా తోటలో ఏటి పని? నానేటైనా బొట్టెట్టి పిలిసినానా?’ అన్నాడు. ఆడు పేపర్లో పడిందే నమ్ముతాడండి. మొన్న గాలివానకి ఆడి పెరట్లో కొబ్బరిచెట్టు పడిపోతే, పేపర్లో వార్తొచ్చినాకే ఎల్లి సూసుకున్నాడు.”

ఇలాంటి పాఠకుణ్ణి కాదనుకునే విలేకరి ఉండడు. ఆయనతో పాటే బస్సెక్కి తోటకు వెళ్లాను. జీడిపూత తియ్యటి వాసన వేస్తోంది. ఈగల రొద సన్నగా వినబడుతోంది. ఆయన ఒక కొమ్మ వంచి చూపించాడు.

“ఈటిలో సానామట్టుకి మొగ పువ్వులేనండి. కాయ కట్టే పువ్వు ఎక్కడో ఒకటుంటాది. మొగ పువ్వు దాని కాడికి నడిసెల్లలేదు కదా! పుప్పొడేమో బంక, గాలికి ఎగరదు. అందుకే మద్దెన ఈగుండాల. తేనె కోసమొస్తాది, ఒంటికి పుప్పొడి పూసుకుంటాది, ఎల్లి ఆ పువ్వులో దించుతాది. దీనికా సంగతే తెలీదు. తెలిత్తే కమీషన్ అడుగును.”

“బావుంది. పుప్పొడి అనే రాస్తాను.”

“వొద్దు బాబూ. పరపరాగ సంపర్కం అనే ఎయ్యండి. ఈగల పెంపకం శిక్షణలో అలగే సెప్పినారు. సిన్న మాటకి మా బావ లొంగడు.”

సాయంత్రం పలాస చేరి బూత్‌లోంచి ఫోను చేశాను. అవతల వార్త రాసుకునే ఆయన ఓపిక గలవాడే గానీ లైను బాగాలేదు.

“పరపరాగ సంపర్కం,” అన్నాను.

“పరాకా?”

“పరాకు కాదండీ, పరాగం. పుప్పొడి!”

“పప్పు పొడా? పలాస కదా, జీడిపప్పు పొడేనా?”

“పువ్వుల్లో పొడి! పర, పరాగ, సంపర్కం!”

నా వెనక వరుసలో నిలబడ్డ ముసలాయన “ఓర్నాయనో, ఎవులికి సీవాట్లెడతన్నాడ్రా?” అని పక్కవాణ్ణి అడిగాడు. అవతలి నుంచి “సరే, సరే, అర్థమైంది” అని వినబడింది. అర్థమైందనుకున్నాను.

మర్నాడు పేపరు తెరిచాను. శీర్షిక: ‘జీడితోటలో జోరుగా పర సంపర్కం’. కింద ఇలా ఉంది: తన తోటలో పర సంపర్కం ఉదయం పూట ఎక్కువగా జరుగుతుందని, పక్క తోటలోనూ సాగుతోందని, దీనివల్ల ఇరువురికీ లాభమేనని తేనెపెట్టెల రైతు ఒకరు తెలిపారు. పూత ఉన్నన్నాళ్లూ ఎవరూ మందు కొట్టి దీనికి అడ్డు రావద్దని ఆయన కోరారు.

పేరు వేయలేదు. కానీ ఆ చుట్టుపక్కల తేనెపెట్టెలున్న రైతు ఆయనొక్కడే. దొరికిన మొదటి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి తోటలో బావగారు నిలబడి ఉన్నాడు. వీపున మందు నింపిన స్ప్రేయరు, చేతిలో పేపరు. మందు కొట్టడానికి బయల్దేరి, దారిలో టీకొట్టు దగ్గర పేపరు పైకి చదివాడట. టీ తాగేవాళ్లంతా గ్లాసులతో సహా వెంట వచ్చేశారు.

“ఎవుత్తెరా అది? నా సెల్లెల్ని ఇంట్లో ఎట్టుకుని తోటలో సంపర్కమేటి నీకు? పైగా నా తోటలో కూడానా?”

“బావా, అది ఈగలది...”

“ఈగల మీదకి తోసెయ్యకు!”

నేను ముందుకు వెళ్లి చెప్పాను. “అయ్యా, నేనే విలేకరిని. అది అచ్చుతప్పు. పరపరాగ అని పడాలి.”

ఆయన పేపరు మడిచాడు.

“అంటే పేపర్లో పడింది తప్పంతారు.”

“తప్పేనండీ.”

“అలగైతే మందు కొట్టొద్దన్నదీ తప్పే.” స్ప్రేయరు పిడి పట్టుకుని తన తోట వైపు తిరిగాడు.

రైతు పెట్టెల వైపు చూశాడు, పూత వైపు చూశాడు.

“ఆగు బావా! తప్పు కాదు. పడింది నిజమే. సంపర్కం ఉంది.”

టీ గ్లాసుల వాళ్లు ఇంకాస్త దగ్గరికి జరిగారు. ఎండాకులు ఊడుస్తున్న రైతు భార్య చీపురు దించి, మొగుణ్ణి కింది నుంచి పైదాకా చూసింది.

“ఈ మొకానికా?” అని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులోనే ఆమె చూపు అన్న వీపు మీది స్ప్రేయరు మీద పడింది. కొంగుతో కళ్లు తుడుచుకుని గొంతు మార్చింది.

“అన్నా, పేపరోల్లు ఊరికే ఎయ్యరు. పొద్దుట పూట ఒస్తాదని ఏసినారు కదా. నీ తోటలో నక్కి కూకుని నువ్వే పట్టుకో.”

“జుట్టట్టుకు ఈడ్సుకొస్తాను.”

“మరి మందు కొట్టకు. ఆ కంపుకి అది ఈ దరికొస్తాదేటి?”

బావగారు “నిజమే,” అని స్ప్రేయరు దించాడు.

పూత ఉన్నన్నాళ్లూ ఆయన పొద్దున్నే వచ్చి చెట్టు చాటున కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే వేలు నోటికి అడ్డం పెట్టేవాడట. మధ్యలో మా పత్రిక సవరణ కూడా వేసింది. అది చదివి, “సిన్న అచ్చరాల్లో ఏసినారంటే ఏదో దాస్తన్నారన్నమాట” అని ఇంకో చెట్టు దగ్గరగా జరిగాడట.

రెండు తోటల్లోనూ గింజలు దిగాక సోంపేట బస్టాండులో బావగారు నాకు కనబడ్డాడు.

“ఎవుత్తీ రాలేదండి. రోజూ ఆ ఈగలే. ఆడి పెట్టెల్లోంచి రావడం, నా పూత మీద వాలడం, ఒంటికి పొడి పూసుకుని మల్లీ ఆడి సెట్లకెల్లడం. నా కల్లతో సూసినాను.”

“అయితే మీ చెల్లెలి భర్త మంచివాడేనని తేలిపోయిందిగా. ఇక కాపలా ఎందుకు?”

“ఎందుకేటండి? ఒచ్చే పూతకీ ఉంతాను. మందు ముట్టుకోను.” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఆ పెట్టెలో రాణి ఎవుత్తో ఉందంట కదండి?”