తల ఊపే ఉద్యోగం

మా జిరాక్సు కొట్టుకీ పక్కనున్న కుళాయిల కొట్టుకీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ అవతల ఆరేళ్ళుగా కూర్చుని తల ఊపుతున్న మనిషి గురించి చెప్పాలి. నాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా వదినా అనే పిలుస్తాను. బజారంతా చిల్లరమ్మ అంటుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో చిల్లర ఇవ్వడానికి ఆవిణ్ణి ఆ కుళాయిల కొట్టులో కూర్చోబెట్టారు. కొట్టు ఆవిడ బావగారిది, అంటే మొగుడి అన్నగారిది. ఒక్క నాణెం తేడా రానిచ్చేది కాదు. ఇప్పుడు చిల్లరతో ఎవరికీ పని లేదు గానీ పేరు మాత్రం మిగిలింది.

జనం ఫోన్లలో డబ్బు పంపడం మొదలుపెట్టాక బావగారికి కూడా గోడమీద స్కానర్ బొమ్మ కావాల్సి వచ్చింది. ఆయన ఖాతాలో ఏం పడినా బ్యాంకువాళ్ళు పాత అప్పు కింద కోసేసుకునేవారు. "నీ ఖాతా ఎలాగూ ఖాళీగానే ఉందిగా అమ్మాయ్, రెండు నెలలు వాడుకుందాం" అన్నాడు. ఆవిడ మొగుడు నోట్లో నాలుక లేని మనిషి, పక్కనే నిలబడి గోడ వైపు చూశాడు. వదిన సరే అంది. ఆ రెండు నెలలూ ఆరేళ్ళయ్యాయి.

డబ్బు పడిన కబురు వదిన ఫోన్‌కే వస్తుంది. వదిన చూసి తల ఊపితేనే సరుకు గడప దాటాలి, అది బావగారి రూలు. ఆవిడ స్నానాలగదిలో ఉంటే పైపులు భుజాన వేసుకుని మేస్త్రీలు బయట కాపలా. ఒకసారి కళ్ళ డాక్టరు చుక్కలేసి కళ్ళు మూసుకోమంటే, నర్సు చేత ఫోన్ చదివించుకుని కొట్టుకి "ఊ" అని కబురు చెప్పింది. అది విని నేను పడీపడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. సాయంత్రానికి ఆ డబ్బంతా బావగారు చెప్పిన చోటికి పంపేసేది. ఆవిడకంటూ మిగిలేది మెడనొప్పి.

ఈమధ్య పక్కవీధి బడి ఆఫీసులో గుమాస్తా పనికి పరీక్ష పెడితే వదిన రాసింది. అందరికంటే ముందు నిలిచింది. నెలాఖరు సాయంత్రం ఐదింటిలోగా వెళ్ళి సంతకం పెడితే ఉద్యోగం ఆవిడదే. ఆ ఆఫీసులో పనివేళల్లో ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తారట. వదినకి జీతం కంటే ఆ బీరువా ఎక్కువ నచ్చింది.

అదే వారం పానకంలో పుడకలా పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది, వదిన పేరు మీద. ఏడాదిలో మీ ఖాతాలో పడిన ఈ డబ్బు దేని తాలూకో చెప్పమని. బావగారి ఆడిటర్ కాగితం తిప్పి చూసి, "ప్రతి జమకీ ఒక బిల్లు చూపించండి. అది కొట్టు అమ్మకమేనని తేలిపోతే ఈవిడ బయటపడుతుంది. ఆ తర్వాత కొట్టుకి వేరే ఖాతా తెరుద్దాం" అన్నాడు.

ఆ కొట్టులో ఎన్నడైనా బిల్లు రాస్తే కదా. జమలు రెండువేల నూట నలభై.

నా కంప్యూటర్‌లో దానికొక ప్రోగ్రాం ఉంది. చెల్లింపుల జాబితా ఎక్కిస్తే ఒక్కో వరుస ఒక్కో బిల్లవుతుంది. డబ్బు పంపినవాళ్ళ పేరు, అందుకున్నవాళ్ళ పేరు, తేదీ, మొత్తం, అన్నీ దానంతట అవే వచ్చి కూర్చుంటాయి. ఏం కొన్నారన్నది మాత్రం మనం నింపాలి. మధ్యాహ్నం బేరం పల్చబడ్డాక వదిన నా పక్కన స్టూలు వేసుకునేది. నేను తెరమీద పేరు చూపించి మొత్తం చదివితే ఆవిడ సరుకు చెప్పేది.

"నూట ఎనభై."

"అరంగుళం కుళాయి, టేపు చుట్ట ఒకటి."

"అంత కచ్చితంగా ఎలా చెప్తావు వదినా?"

"ఆయన టేపు కొనకుండా ఎప్పుడైనా వెళ్ళాడా? మనిషికి భయం ఎక్కువ, ఎక్కడ కారుతుందోనని."

ఒకావిడ పేరు మీద నెలకి పదిసార్లు పైపులున్నాయి. ఈవిడకి ఎన్ని బాత్‌రూములు అని నేనాశ్చర్యపోతే, "మేస్త్రీ పెళ్ళాం. ఆయన ఫోన్ ఎప్పుడూ నీళ్ళ తొట్లోనే కదా ఉండేది, అందుకని ఆవిడ ఫోన్ పట్టుకొస్తాడు" అంది. మధ్యలో గోడ అవతలి నుంచి బావగారు "అమ్మాయ్" అని కేకేసేవాడు. వదిన ఫోన్ చూసి, మధ్యగోడ కిటికీలోంచి తల ఊపి, మళ్ళీ బిల్లుల్లో పడేది.

నా తప్పు ఇప్పుడు చెప్పుకోవాలి. మొదటి బిల్లు అచ్చయి బయటికి రాగానే, పైన పెద్ద అక్షరాల్లో అమ్మినవారు అన్నచోట వదిన పూర్తిపేరు ఉంది. డబ్బు అందుకున్నది ఆవిడే కనుక ప్రోగ్రాం ఆవిడ పేరే వేసింది. కొట్టు పేరు పెట్టాలని ఇద్దరికీ తెలియకపోలేదు. వదిన ఆ పేరుని వేలితో నిమిరింది. "పెళ్ళి శుభలేఖ తర్వాత నా పేరు అచ్చులో చూడ్డం ఇదే" అంది. "బావుంది, ఉండనీ వదినా" అన్నాను నేను. ఉండనిచ్చాం. పంతొమ్మిది రోజులు కింది వరుసలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాం, పైనున్న పేరుని మాత్రం మురిపెంగానే చూశాం. కూడిక సరిపోయిందని ఫోన్‌లో చెబితే ఆడిటర్ పంపేయమన్నాడు. నా చేత్తోనే పన్నుల ఆఫీసుకి పంపాను.

నెలాఖరు రోజు నాలుగున్నరకి ఆడిటర్ బావగారి కొట్టుకి వచ్చాడు. వదిన బడికి వెళ్ళడానికి ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది, ఆవిణ్ణి సాగనంపడానికి నేనూ అక్కడే ఉన్నాను. ఆయన కుర్చీ కూడా లాక్కోకుండానే బావగారితో మొదలుపెట్టాడు.

"సరుకు కొన్న కాగితాలన్నీ మీ పేరు మీద. అమ్మిన కాగితాలన్నీ ఈవిడ పేరు మీద. కొట్టు నాదేనని ఈవిడే రెండువేల నూట నలభైసార్లు రాసిచ్చింది."

"వెనక్కి తీసుకుంటే?" అని నేనడిగాను.

"పంపినవి వెనక్కి రావమ్మా. ఇక కొట్టు ఈవిడ పేరున నమోదు చేయించి, పన్ను ఈవిడ చేత కట్టించడమే దారి."

బడివాళ్ళ కాగితం వదిన సంచీలోనే ఉంది. సొంత వ్యాపారం ఉన్నవారు అనర్హులని అందులో నాలుగో వరుస. నేనే జిరాక్సు తీశాను, నాకు తెలుసు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వదిన నన్ను నాలుగు తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

బావగారి ముఖం మాత్రం తేటపడింది. "మనలో మనకి నీదేంటి, నాదేంటి అమ్మాయ్? కొట్టు నీదే" అన్నాడు. ఆరేళ్ళలో ఆ మాట ఒక్కసారి అనని మనిషి, పన్ను కట్టాల్సి వచ్చిన రోజున అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అయితే తాళాలివ్వండి బావగారూ" అంది వదిన.

ఆయన నవ్వుతూ గుత్తి తీసి బల్లమీద పెట్టాడు. వదిన చిల్లర లెక్కపెట్టినట్టే లెక్కపెట్టింది. షట్టరుది ఉంది. గిడ్డంగిది ఉంది.

"గల్లాపెట్టెది లేదు."

"అందులో ఏముందమ్మా, పాత కాగితాలు."

అప్పుడే మేస్త్రీ ఒకడు రెండు కుళాయిలు పట్టుకుని బొమ్మకి ఫోన్ చూపించాడు. వదిన ఫోన్ మోగింది. ఆవిడ చూసుకుంది, డబ్బు పడింది. మేస్త్రీ గడపలో ఆగి ఆవిడ తలవైపు చూశాడు. తల కదల్లేదు. వాడి వెనక పైపులతో ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు వచ్చి నిలబడ్డారు.

"పడలేదా అమ్మాయ్?" అన్నాడు బావగారు.

"పడింది."

ఆవిడ ఆయన మొలవైపే చూస్తోంది. గోడ గడియారంలో ఐదుకి పది నిమిషాలుంది. బడి నాలుగడుగుల్లో ఉంది, వెళ్ళి లాభం లేదు. "కాస్త చూడండమ్మా, పనికాడ నీళ్ళు కారిపోతున్నాయి" అన్నాడు మేస్త్రీ. బావగారు వాణ్ణి చూశాడు, వరుసని చూశాడు, ఆడిటర్‌ని చూశాడు. తర్వాత చొక్కా పైకెత్తి, మొలతాడుకున్న చిన్న తాళంచెవి ముడి విప్పడానికి చాలాసేపు తంటాలు పడి, తీసి గుత్తి పక్కన పెట్టాడు.

వదిన దాన్ని గుత్తికి ఎక్కించుకుంది. ఆ తర్వాతే తల ఊపింది.