విత్తనం కాయల కుప్ప పక్కన

ఇప్పటికీ దగ్గరలో ఎవరైనా వేరుసెనగ కాయ చిటుక్కున విరిస్తే నా తల దానంతట అదే కిందికి వంగుతుంది. మొన్న బస్‌స్టాండులో ఒకామె ఒళ్ళో కాయలు పోసుకుని ఒలుచుకుంటుంటే ఆ మట్టి వాసన, తొక్కల దుమ్ము ముక్కుకు తగిలాయి. నేను ఎక్కవలసిన బస్సు వెళ్ళిపోయింది. వెళ్తే వెళ్ళిందిలే అనుకుని అక్కడే కూర్చుండిపోయాను. హుసేన్‌బీ టీచరమ్మ గుర్తొచ్చాక నేను ఏ బస్సూ పట్టుకోలేను.

శింగనమల బడిలో ఆమె మాకు రెండో తరగతి చెప్పేవారు. పొట్టి మనిషి, నోరు పెద్దది. తరగతిలో ఆమె గద్దిస్తే చెరువు కట్ట మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూసేవారు. అంత నోరున్న మనిషి దగ్గర నేను నేర్చుకున్నది నోరు మూసుకుని కూర్చోవడం అంటే మీరు నవ్వుతారేమో.

యాభైల మొదట్లో మా అమ్మ కాన్పులో పోయింది. ఆ తర్వాత నేను మాట్లాడడం మానేశాను. కావాలని కాదు. మాట గొంతు దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. అవ్వ తాయెత్తు కట్టించింది. వచ్చిన చుట్టాలు నా గడ్డం పట్టుకుని "ఏదీ, నాయనా అను, అవ్వా అను" అని ముందు బతిమాలేవారు, తర్వాత కసురుకునేవారు. నాయన మాత్రం నా వైపు చూడలేక చేనికి పోయేవాడు. పిల్ల మూగదైపోయిందని ఊరు తీర్మానించేసింది.

విత్తనానికి కాయలు ఒలిచే కాలం అది. తొలకరికి ముందు మా వైపు ప్రతి ఇంట్లోనూ ఈ పని ఉంటుంది. గింజ మీది పొర చిట్లితే మొలక రాదు కనుక చేత్తోనే ఒలవాలి. కుప్ప చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఒలుస్తూనే ఊరి సంగతులన్నీ మాట్లాడుకుంటారు. ఒక సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చి, ఎవరూ పిలవకుండానే చెప్పులు విడిచి కుప్ప దగ్గర నా పక్కన కూర్చున్నారు.

"ఏం టీచరమ్మా, పాప సంగతి మాట్లాడేకి వస్తివా?" అని అవ్వ అడిగింది.

"లేదవ్వా. ఇంట్లో పొద్దు పోల్యా. నాలుగు కాయలు ఒలిచిపోదామని వచ్చినా."

ఆమె నన్ను ఒక్క మాటా అడగలేదు. తన కోడి గుడ్లు పెట్టడం లేదనీ, విడపనకల్లులో ఉన్న చెల్లెలు రమ్మంటే పోవడానికి తీరడం లేదనీ ఆ కుప్పతో చెప్పుకుంటున్నట్టు చెప్పుకుంటూ పోయారు. కళ్ళు కాయల మీదే. మర్నాడూ వచ్చారు. ఆ తర్వాతా వస్తూనే ఉన్నారు. నా వేళ్ళూ ఆమె వేళ్ళూ ఒకే కుప్పలో తిరిగేవి. ఒకరోజు ఆమె చేతిలోని కాయ చూసి, నాకు తెలియకుండానే, "అది పుచ్చిండాది టీచరమ్మా" అన్నాను.

అవ్వ చేతులు ఆగిపోయాయి. ఏదో కేక పెట్టబోయింది. టీచరమ్మ తన మోకాలితో అవ్వ మోకాలిని తట్టి ఆపారు. తల ఎత్తలేదు.

"అవునా? అట్లయితే పక్కన పెట్టు పాపా," అని ఆ కాయ నా అరచేతిలో వేసి, కోడి కథ మళ్ళీ అందుకున్నారు.

ఆ రోజు ఆమె సంబరపడి నన్ను ఎత్తుకుని ఊరంతా చూపించి ఉంటే, నేను మళ్ళీ లోపలికి పోయి తలుపు వేసుకునేదాన్ని. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు.

అరవైల్లో అనంతపురంలో బి.ఏ. ముగించాను. బడిపిల్లల మనస్తత్వం చదవాలని ఎందుకు పట్టుబట్టానో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ చదువు పేరే అప్పట్లో చాలామంది వినలేదు. పిచ్చాసుపత్రి ఉద్యోగమేమోనని నాయన భయపడ్డాడు. నాకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మద్రాసులో. పెద్ద మేడలు, పెద్ద పేరు, తెలివి కొలిచే పరికరాలతో నిండిన అద్దాల అల్మారాలు. చూడడానికి పోయిన రోజు నోరు తెరుచుకుని నిలబడ్డాను. పిల్లలేరీ అని అడిగితే, అవసరమైనప్పుడు పిలిపిస్తామన్నారు. రెండోది మైసూరులో. పెంకుల కప్పు, ఎవరూ పేరు వినని చోటు. చదివేవాళ్ళు సగం పూట పక్కనే ఉన్న బడిలో పిల్లల మధ్య గడపాలి. నేను పోయేసరికి అక్కడి పంతులమ్మ ఒకామె, అలిగిన పిల్ల పక్కన మెట్టు మీద ఊరికే కూర్చుని ఉంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నేను ఆఫీసు గది వెతుక్కుని, పని చూసుకుని తిరిగి వచ్చినప్పుడు కూడా అలాగే కూర్చుని ఉన్నారు.

నా మనసు ఆ మెట్టు మీదే ఉండిపోయింది. చిక్కల్లా టీచరమ్మతోనే వచ్చింది. ఆమె అప్పటికే ఊరంతా చాటేశారు.

"మా పాప మద్రాసుకు పోతాంది! యాడనో మూలకు పోయేకేనా ఇంత చదివింది? నాకు ఆ రాత లేకపాయ. పెద్ద చోటికి పో పాపా. నీ పేరు పక్కన ఆ పేరుండాల."

"మీరు నాకు చేసినట్ల చేసేది నేర్చుకోవాల టీచరమ్మా," అని ఒకసారి గొణిగాను.

"నేనేం చేసినా? కాయలొలిచినా," అని నవ్వి కొట్టిపారేశారు.

ఆమె నిజంగానే అలా అనుకున్నారు. అందుకే నాకు ఏడుపొచ్చింది. నాకు మాట తెచ్చిపెట్టిన మనిషికి ఎదురుమాట ఎలా చెప్పను? ఆమె కోసం మద్రాసుకే పోదామని కూడా అనుకున్నాను. ఏదో ఒకటి తేల్చి జవాబు రాయవలసిన గడువు దగ్గరపడింది.

ఆ ఏడు వాన ఆలస్యం చేసింది. టీచరమ్మ అన్నగారి చేనికి ఒలవాల్సిన విత్తనం కాయలు ఆమె ఇంటి ముందు ఇంకా కుప్పగానే ఉన్నాయి. వెళ్ళి, చెప్పులు విడిచి, పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరమూ ఒలిచాం. బొటనవేలు మంట పుట్టింది. మద్రాసులో సముద్రం నిజంగా ఊరి పక్కనే ఉంటుందా అని ఆమె అడుగుతున్నారు. నేను కాయ మీద నుంచి చూపు తిప్పకుండా అన్నాను.

"నేను మైసూరుకు పోతా టీచరమ్మా."

ఆమె చేతులు ఆగలేదు. ఒక కాయ విరిచి గింజలు చేటలో వేశారు. ఇంకో కాయ తీసుకున్నారు.

"అవునా?" అన్నారు. "ఆడ సలి ఎక్కువంట. దుప్పటి పెట్టుకో పాపా."

టీచరమ్మ పోయి చాలాకాలమైంది. నేను పనిచేసిన ప్రతి బడిలోనూ నా గదిలో ఒక చేట, దాని నిండా కాయలు ఉండేవి. తనిఖీకి వచ్చినవాళ్ళు ఇదేం తిండిగోల అని నవ్వేవారు. నవ్వనిచ్చాను. ఉద్యోగం అయిపోయినా చేట నాతోనే ఉంది, మాట్లాడని పిల్లలను తెచ్చి వదిలేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. పోయిన వారం పక్క వీధి పిల్ల, వచ్చిన నాటి నుంచి పెదవి విప్పనిది, "దీంట్లో మూడు గింజలుండాయి" అంది. లేచి దాన్ని హత్తుకుని వీధి అంతా వినబడేలా అరవాలనిపించింది.

తల ఎత్తలేదు. "అవునా?" అన్నాను. చేటను ఆ పిల్ల వైపు కొంచెం జరిపాను.