మనుషులెక్కితేనే కారే బోటు

2003. భవానీపురంలో కృష్ణ ఒడ్డున నాకు బోటు ఇంజిన్ల షెడ్డు ఉండేది. వచ్చేవన్నీ డీజిల్ లాంచీలే. జెట్ బోటు మాత్రం వెంకటరత్నం గారిదే మొదటిది. లాంచీలకున్నట్టు దానికి బయట నీళ్ళలో తిరిగే ఫ్యాను ఉండదు. అడుగు నుంచి నీళ్ళు పీల్చి పంపుతో వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుకే ముందుకి ఉరుకుతుంది.

ఆయనది దివిసీమ. టూరిస్టుల్ని తిప్పుదామని గోవా నుంచి సెకండ్ హ్యాండ్ బోటు తెప్పించారు. వెళ్ళి చూసి కుదిర్చింది ఆయన బావమరిది శ్రీను.

"ఖాళీగా ఉంటే చుక్క రాదండీ మస్తాన్ గారూ. మనుషులెక్కితే పాదాలు తడిసిపోతున్నాయి. అమ్మినవాడూ మా శ్రీనుగాడూ కుమ్మక్కయ్యారు. గుమ్మం తొక్కొద్దన్నాను వాణ్ణి. మా ఆవిడ తమ్ముడి కోసం అన్నం మానేసి కూర్చుంది. కూర్చోనివ్వండి!"

నాకూ శ్రీను మీదే అనుమానం. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. ఖాళీ బోటు నడిపి చూపించి అంటగట్టి ఉంటారు, శ్రీను చూసీ చూడనట్టు ఊరుకుని ఉంటాడు.

ముందు షాఫ్ట్ సీల్ చూశాను. ఇంజిన్ నుంచి పంపుకి వెళ్ళే కడ్డీ చుట్టూ నీళ్ళు చొరబడకుండా ఆపే రబ్బరు రింగు అది. కొత్తదానిలా ఉంది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. కావాలని అది మార్చి, అసలు పగులు ఎక్కడో కప్పేశారనుకున్నాను.

ఇక ఇంజిన్ దించి, పంపు దారి మూసి, బోటుని ఒడ్డున వెనక్కి వాల్చి లోపల నీళ్ళు పట్టించాను. నీళ్ళు లోపలికొచ్చే దారినే బయటికీ పోతాయి. శ్రీను పిలవకుండానే వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వచ్చాడు చూడండి" అని గొణిగారు వెంకటరత్నం గారు.

అడుగున చుక్క లేదు. నీళ్ళు పైకి పెరిగాక, వెనక పలకకి బిగించిన దిష్టిబొమ్మ గడ్డం కింద నుంచి ధార కట్టింది. ఆ చెక్క మొహం ఊడదీస్తే, దాని స్క్రూలు ఫైబర్ పలకని దూసుకుని లోపలికి పోయి ఉన్నాయి. ఖాళీ బోటులో ఆ రంధ్రాలు నీటికి పైన ఉంటాయి. జనం ఎక్కి వెనక భాగం దిగితే నీటి కిందికి పోతాయి.

"ఇది బిగించిందెవరండీ?"

"నేనే... కొండపల్లిలో చెప్పి చేయించాను. నలుగురి కళ్ళూ పడతాయని, లారీకి పెట్టినట్టు వెనక పెట్టాను." ఆయన నా చెవి దగ్గరికి వచ్చారు. "సీలే పోయిందని చెప్పేద్దురూ. వాడి ముందు తలకాయ ఎక్కడ పెట్టుకోను?"

నాకు ఒళ్ళు మండింది. "మీ తలకాయ సంగతి సరే, అక్కడ అన్నం మానేసినావిడ సంగతేంటండీ?" అని శ్రీనుని కేకేశాను. "ఇటు రావయ్యా, మీ బావగారు నీకేదో చూపిస్తారంట."

శ్రీను రంధ్రాలు చూశాడు, బొమ్మని చూశాడు.

"ముందు ఇంటికి పదండి బావా, అక్కకి ఇంత తినిపిద్దాం" అన్నాడు. వెంకటరత్నం గారు కండువాతో మొహం తుడుచుకుంటూ అతని వెనకే నడిచారు.

రంధ్రాలు పూడ్చడం చిన్న పని. అప్పటి నుంచి లీకని ఎవరొచ్చినా, అమ్మినవాడెవరని అడగను. "కొన్నాక మీరేం బిగించారండీ?" అని అడుగుతాను. చాలామందికి కోపం వస్తుంది. రానీండి. ఆ ఒక్క మాట మొదటే అడిగి ఉంటే, ఆ తల్లి పస్తు ఆ పూటతోనే తీరేది.