అద్దకం మేస్త్రి ముంజేతి మచ్చ

నూలుకు రంగు పట్టించడంలో అద్దకం మేస్త్రిని మించినవారు ఆ చుట్టుపక్కల లేరు. ఏ గుడ్డపీలిక చూపినా, పొద్దువాలేలోగా అచ్చంగా అదే ఛాయను దారానికి ఎక్కించేవాడు. ఎన్ని ఉతుకులకైనా అది చెక్కుచెదరదని జనం చెప్పుకుంటుంటే వినయంగా తల వంచుకున్నా, లోలోన పొంగిపోయేవాడు.

అటువంటి మనిషికి ముంజేతిమీద పుట్టిన నల్లమచ్చ నిద్రాహారాలను దూరం చేసింది. అన్నగారి వీపున ఇటువంటిదే పుట్టింది. కోసి తీసిన కొన్నాళ్లకే ఆయన కన్నుమూశాడు. ఆయనను పొట్టనబెట్టుకున్నది మచ్చ కాదు, కత్తి అని తమ్ముడి మనసులో నాటుకుపోయింది. ఇల్లాలి కంటపడితే కోయించేదాకా ఊరుకోదని, ముంజేతిని రోజూ ముదురు నీలిరంగు కాగులో ముంచేవాడు. నీలంలో నలుపు కలిసిపోయింది.

ఇంతలో, చర్మంపై సన్నని వెలుగు ప్రసరింపజేసి, తిరిగివచ్చే కాంతినిబట్టి అందులోని రసాయనాలను గుర్తించి, కోత లేకుండానే రోగాన్ని పసిగట్టే యంత్రం ఆసుపత్రికి వచ్చిందని విన్నాడు. చేతికి దురదని ఇల్లాలితో బొంకి, వెంటవచ్చిన ఆమెను గది బయట కూర్చోబెట్టి, దైవనామం జపిస్తూ లోపలికి వెళ్లాడు.

డాక్టరమ్మ కలంవంటి గొట్టాన్ని మచ్చకు ఆనించింది. తెరమీద గీత ఒక్కసారిగా ఎగసి పైఅంచును తాకింది. మేస్త్రి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నా పని అయిపోయిందా అమ్మా?"

"మీ చర్మం కాదు బాబాయ్, ఈ రంగు వెలుగుతోంది. లోపలిదేదీ కనబడనివ్వట్లేదు. కడుక్కుని రండి."

తోలు మండేదాకా రుద్దాడు. నీలం ఇసుమంతైనా తగ్గలేదు.

"ఎప్పటికి వదులుతుంది?"

"నా రంగు అంత తేలిగ్గా వదలదమ్మా."

జీవితమంతా జనం నోట విని పొంగిపోయిన మాటను ఇప్పుడు తానే తల వంచుకుని చెప్పాడు.

"మచ్చ అంచులు నాకు నచ్చలేదు. ఆగొద్దు. ముక్క తీసి పరీక్షకి పంపుదాం, ఇవాళే."

ఏ కత్తికి వెరచి ఇంతదూరం పరుగెత్తాడో, దాని ముందుకే తన చేతి రంగు ఈడ్చుకొచ్చి నిలబెట్టింది.

"మా అన్నయ్య కోశాకే పోయాడమ్మా!"

"ఆయనెంత ఆలస్యంగా వచ్చారో! మీరెన్నాళ్లు ఈ రంగు కింద దాచారు?"

మేస్త్రి తలుపువైపు చూశాడు. "మా ఆవిణ్ణి పిలవండి."

సంగతంతా విన్న ఇల్లాలు నడుముమీద చేతులు వేసుకుంది.

"దురదన్నారే! నన్నూ నూలుకండె అనుకున్నారా, ఏ రంగు పూస్తే ఆ రంగు నమ్మడానికి? ఇంటికి రండి, మీ పని చెప్తా." బల్ల పక్కకు వచ్చి నిలబడింది. "ముందు చెయ్యి చాపండి."

చాపాడు. పళ్లెంలో ఏదో లోహం ఖంగుమంది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"వదలకే... లాగేసుకుంటానేమో," అన్నాడు.

ఆమె రెండు చేతులతోనూ అతని మణికట్టును బల్లకు అదిమిపట్టింది.