కారు వినకూడని మాట

మా సాలతిగ ఊళ్ళో పాత కారు కొనాలంటే లిక్ మర్తోయోని వెంటబెట్టుకెళ్ళాలి. వెంటబెట్టుకెళితే ముప్పై అడుగులు నడవడానికి సిద్ధపడాలి. కారులో వంద రోగాలున్నా సరే, అది వింటుండగా ఆయన ఒక్కటీ బయటపెట్టడు. అవతలికి తీసుకెళ్ళి, కారుకి వీపు తిప్పి, చెవిలో చెబుతాడు. కారు ఎదుట మాత్రం బానెట్ నిమిరి, "ఎంత మంచి పిల్లో" అంటాడు. ఆ మాట వినగానే కొనేవాడికి గుండెలో రాయి పడుతుంది.

లిక్ అంటే బాబాయి. అరవై నాలుగేళ్ళ మెకానిక్కు, ఊరందరికీ బాబాయే. ఒకసారి జోరువానలో ఓ బట్టలకొట్టాయన, "షెడ్డులోనే చెప్పు లిక్, తడిసిపోతాం" అన్నాడు. "దాని మొహం మీదా?" అని లిక్ ఆయన్ని రోడ్డు దాటించి, సోతో పులుసు అమ్మే బండి చూరు కింద నిలబెట్టి చెప్పాడు. బట్టలకొట్టాయన మూడు రోజులు తుమ్ముతూనే ఉన్నాడు.

ఇంకోసారి ఒకాయన కారు నడిరోడ్డు మీద పొగలు కక్కుతూ ఆగింది. ఫోన్ చేశాడు.

"కారులోనే ఉన్నావా?" అన్నాడు లిక్.

"ఉన్నాను లిక్, ఏం చెయ్యమంటావ్?"

"ముందు దిగు. ముప్పై అడుగులు నడువు."

వెనక నలభై బళ్ళు హారన్లు కొడుతుంటే పాపం ఆయన అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. అప్పుడు చెప్పాడు లిక్, "నీళ్ళ పంపు పోయింది. పన్నెండు లక్షలు." మర్నాడు షెడ్డులో విప్పి చూస్తే పోయింది నీళ్ళ పంపే, అయిన ఖర్చు పన్నెండు లక్షలే. మా దేశపు రుపయా బక్కది లెండి, ఇక్కడ లక్షలూ కోట్లూ అంటే ఎవరూ కంగారుపడరు. కానీ చూడకుండా, ముట్టుకోకుండా, ఫోనులో ఇంజను బుసలు విని చెప్పాడే, దానికి మాత్రం ఊరు ఊరంతా నోరు తెరిచింది.

అలాంటి లిక్‌ని బతిమాలి తీసుకెళ్ళింది విగతి. ఆమె వంటమనిషి. కోపెంగ్ కొండ మీది పూలతోటల పనివాళ్ళకి రోజూ రెండొందల భోజనం డబ్బాలు అందించే ఒప్పందం దొరికింది. సోమవారం మొదలు. ఒక్కరోజు డబ్బా ఆలస్యమైతే ఒప్పందం రద్దు. పదకొండేళ్ళుగా కూడబెట్టింది పన్నెండున్నర కోట్లు. వాసితో గారు అమ్మకానికి పెట్టిన చిన్న ఎస్‌యూవీ ధర కూడా సరిగ్గా పన్నెండున్నర కోట్లే. అది కొండమీద ఆగిపోయిందా, కారూ పోయింది, ఒప్పందమూ పోయింది.

వాసితో గారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. కారు తళతళలాడేలా తుడిచి, అద్దం ముందు మల్లెపూలు పెట్టి, గుడ్డ పట్టుకుని పక్కనే నిలబడ్డారు. లిక్ ఇంజను ఆన్ చేయించి, బానెట్ మీద టీ గ్లాసు పెట్టి, టీ మీద లేచే వలయాలు చూశాడు. ఆ టీనే తాగేశాడు. తర్వాత మాస్టారి చేత కారుని కొండ ఎక్కించి దింపించాడు. దారంతా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన అలా వింటుంటే ఇంజను కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకున్నట్టనిపించింది విగతికి.

దిగి, బానెట్ నిమిరాడు. "ఎంత మంచి పిల్లో."

విగతి కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "ఇక్కడే చెప్పు లిక్. నాకు నడిచే ఓపిక లేదు."

"నడువమ్మాయ్."

ముప్పై అడుగులు. గోడ చాటున చెవిలో మొదలుపెట్టాడు. "గేరుబాక్సు ఎత్తుమీద వణుకుతోంది, కోటీ ఎనభై లక్షలు. ఇంజను మౌంటింగులు పాతిక. ముందు చక్రాల బుష్‌లు ముప్పై. ఏసీ కంప్రెసరు డెబ్బై ఐదు. మొత్తం మూడు కోట్ల పది లక్షలు. పని నేను చేస్తాను, ఆదివారానికి ఇస్తాను."

"ఈ మాట అక్కడే అంటే ధర దిగేది కదా. ఇనప్పెట్టెకి చెవులుంటాయా?"

"ఇనప్పెట్టెకెక్కడివి?" అంటూ లిక్ గోడ మీదుగా చూశాడు. విగతీ చూసింది. మాస్టారు వంగి, తుడిచిన లైటునే మళ్ళీ తుడుస్తున్నారు. "రిటైరైన డబ్బంతా పోసి కొన్నాడు. అమ్మినవాడు కొత్త ఆయిలు పోసి వణుకు దాచేశాడు. ఇప్పుడు ఇరుగుపొరుగు ముందు ఆ సంగతి వినిపించాలా?"

ముప్పై ఏళ్ళుగా ఊరిని వానలో నడిపించింది ఇందుకా అనుకుంది విగతి. ఆయనంటే అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది.

వెనక్కొచ్చి లిక్ గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, కారు దివ్యంగా ఉంది. చిక్కల్లా ఈ అమ్మాయి వెతోన్‌తోనే. పుట్టిన వారం, సంత రోజు కలిపి లెక్కేశాను. పన్నెండున్నర అచ్చిరాదు. తొమ్మిది కోట్ల నలభై లక్షలైతే అచ్చొస్తుంది."

వెతోన్ అంటే పుట్టినరోజు జాతకం, అది చూడకుండా మా ఊళ్ళో కోడిపెట్టనైనా కొనరు. కానీ అచ్చిరానందుకు ధర మూడు కోట్లు తగ్గడం విగతి ఎక్కడా వినలేదు. మాస్టారు వేళ్ళ మీద చాలాసేపు లెక్కపెట్టారు.

"నిజమే," అన్నారు గంభీరంగా. "నా లెక్కకీ తొమ్మిదీ నలభైయే వచ్చింది. తీసుకోమ్మా."

చేతులు కలిపారు. లిక్ టైర్లలో గాలి చూస్తుండగా మాస్టారు విగతికి సైగ చేశారు. నడుస్తూ నడుస్తూ ఇంటి వెనక నీళ్ళ తొట్టి దాకా తీసుకెళ్ళారు. జేబులోంచి నలిగిన చీటీ తీశారు. పట్నంలో పెద్ద వర్క్‌షాపువాళ్ళు కంప్యూటరు పెట్టి రాసిచ్చిన రిపేరు అంచనా. గేరుబాక్సు, మౌంటింగులు, బుష్‌లు, కంప్రెసరు. కింద మొత్తం మూడు కోట్ల పది లక్షలు.

లిక్ చెప్పినదానికి పైసా తేడా లేదు. ఇదంతా ఆయన టీ గ్లాసుతో చూశాడు.

"వారం నుంచీ చెబుదామంటే సిగ్గుతో నోరు పెగల్లేదమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. "నాకు తెలుసని మర్తోయోతో అనకు. పాపం అంత కష్టపడి దాచాడు, నొచ్చుకుంటాడు."

విగతి తిరిగొచ్చేసరికి లిక్ చేతులు తుడుచుకుంటున్నాడు. "మాస్టారు ఏమంటాడమ్మాయ్?"

విగతి బానెట్ నిమిరింది.

"ఇక్కడ కాదులే లిక్, కారు వింటుంది."