తెంపుడు ఎంతసేపు!

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా తొందర నాకే. అన్నం ఉడకకముందే కంచం ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ తొందర ఒకరోజు మా అమ్మకు ఏం చేసిందో తలచుకుంటే, ఈ వయసులో కూడా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఊళ్లన్నీ అట్టుడికిన రోజులు. సిరిసిల్లలో బడులు మూతపడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి. ఆ పొద్దున కోరుట్ల నుంచి ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. మా తాతకు, అంటే అమ్మ వాళ్ల నాన్నకు, ప్రాణం మీదికి వచ్చిందని, బిడ్డను చూడాలని ఒకటే కలవరిస్తున్నాడని చెప్పాడు. అమ్మ కట్టుకున్న చీరతోనే బయలుదేరింది. కానీ దేని మీద పోవాలి?

మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, కిరాయికి తిప్పే పాత కారు వాకిట్లోనే ఉంది. ఉండి ఏం లాభం? రెండు రోజుల కిందటే ఇంజను దగ్గర వైర్లు ఒకదానికొకటి రాసుకుని అంటుకున్నాయి. ఇసుక పోసి ఆర్పారు. ఆ కాలపు వైర్లకు పైన నూలు అల్లిక ఉండేది, ఒక్కోదానికి ఒక్కో రంగు. కాలిన తర్వాత అన్నీ ఒకటే నలుపు. ఏది హారన్‌దో, ఏది లైటుదో ఆ దేవుడికే తెలియాలి.

చిన్నబాపు డ్రైవరు కాకముందు మగ్గం నేసినవాడు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోతే పాతదాన్ని పీకి పారేయరు. పాత పోగు కొసకే కొత్త పోగు ముడేస్తారు, ఒక్కొక్కటిగా. ఆయన కారుకూ అదే పద్ధతి పెట్టాడు. ఒక కాలిన వైరు విప్పడం, దాని చోటే కొత్తది బిగించడం, ఆ తర్వాతే ఇంకోదాని జోలికి పోవడం. మధ్యమధ్య బీడీ ఒకటి! అవతల అమ్మ గుమ్మంలో నిలబడి కన్నీళ్లు తుడుచుకుంటుంటే, ఇదేం నిదానం తల్లీ అని నాకు పిచ్చెక్కింది. జల్దీ చెయ్యమని నాలుగుసార్లు పోరుపెట్టాను.

"తెంపుడు ఎంతసేపే? అతుకుడే కష్టం," అని మళ్లీ వంగాడు.

నాలుగు వైర్లయ్యాక కొత్త తీగ అయిపోయింది. ఇంకొంచెం అడిగి తెస్తానని వీధి చివరికి పోయాడు. ఎలాగూ పారేసేవే కదా, నేను ముందే పీకి పెడితే సగం పని అయినట్టే అనుకున్నాను. మిగిలిన కాలిన వైర్లన్నీ ఈ కొసా ఆ కొసా లాగి కుప్ప పోశాను. పైగా మెచ్చుకుంటాడని ఎదురుచూశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆయన వచ్చి చూసి నేల మీద కూలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఇంట్లోకి పోయి ఎరుపు, పసుపు, పచ్చ నూలు పోగులు తెచ్చి కొత్త వైర్ల కొసలకు గుర్తులు కట్టుకున్నాడు. ఇక ఒక్కో కొస ఎక్కడ పడుతుందో అన్ని చోట్లా పెట్టి చూడడమే. లైటు వెలగాల్సింది పోయి హారన్ మోగింది, అదీ బంద్ రోజున! జెండాలతో తిరుగుతున్న పోరగాళ్లు ఎవడ్రా బండి తీసేదని ఎగబడ్డారు. సంగతి తెలిశాక వాళ్లే ఆగారు. కారు కదిలే వేళకు వాళ్లే వెనక నుంచి నెట్టారు. కానీ అప్పటికే పొద్దు వాలింది.

కోరుట్ల చేరేసరికి దీపాలు పెట్టారు. తాతకు ప్రాణం ఉంది, మాట పడిపోయింది.

"పగటీలి బువ్వ యాళ్ల దాక మంచిగనే మాట్లాడిండు బిడ్డా. నీకేదో చెప్పాల్నని అడిగి అడిగి అలిసిపోయిండు," అంటూ అమ్మమ్మ ఏడ్చింది.

అమ్మ ఆయన నోట్లో నీళ్లు పోస్తే గుటక వేశాడు. అంతే. తెల్లవారక ముందే పోయాడు.

"తప్పు నాదే వదినె. వైర్లు ఆగమాగం చేసిన, గందుకే ఆలిశ్యమైంది," అన్నాడు చిన్నబాపు తల వంచుకుని. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. అన్నిటికీ ముందు దూకే నేను, దూకాల్సిన ఆ ఒక్కచోట దూకలేదు.

చిన్నబాపు చనిపోయిన ఏడాది, ఇక ఆగలేక అమ్మకు చెప్పేశాను. అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది, తలెత్తలేదు.

"నాకెరుకనే. గా దినం మసి చేతులతోనే నా కొంగు పట్టుకొని కోరుట్ల దాక వచ్చినవ్. గా మరక ఎన్ని ఉతుకులకు పోయిందనుకున్నవ్? గాయన నీ మీద మాట పడనియ్యలే. నేనెందుకు పడనిస్త?"

ఇప్పటికీ నేను ఏది విప్పినా, మిక్సీ అయినా, చేతిసంచీ కుట్టయినా, ముందు ఒక రంగు దారం కట్టి గుర్తు పెట్టుకుంటాను. మనవలు నవ్వుతారు. నవ్వనీ. తాత ఆ రోజు అమ్మకు ఏం చెప్పాలనుకున్నాడో ఎవరికీ తెలియదు. ఆ కొస నేను పీకేసిందే.