బావ కాల్చిన ఫ్రేములు

మొన్న మా బిలాస్‌పూర్‌లోనే, మంగ్లా ఆసుపత్రిలో కుడి కంటికి శుక్లం తీయించుకుని భోజనాల వేళకల్లా ఇంటికొచ్చేశాను. మన వయసువాళ్ళకిప్పుడు ఇది క్షవరం చేయించుకున్నంత తేలికైపోయింది. కంటి పట్టీ తీశాక గోడ మీది క్యాలెండరు రంగులు ఎంత కొట్టొచ్చినట్టు కనిపించాయంటే, సంతోషించాల్సింది పోయి మా బావ గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. వేసిన మందంతా కారిపోతోందని మా ఆవిడ కేకలేసింది.

బావంటే మా పెద్దక్క భర్త. మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో పనిచేసినా, బావకూ నాకూ ఆ ఉద్యోగం దక్కక, ఊళ్ళోనే తోర్వా దారిలో లారీలకు ఉక్కు ఫ్రేములు చేసే ఒక చిన్న కార్ఖానాలో కుదురుకున్నాం. ఫ్రేమును ఫర్నేసులో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నని సెగన పెట్టి తీయడం బావ పని. వేడి చూపే మీటరుండేది గానీ దాన్నెవరూ నమ్మేవారు కాదు. ఉక్కు పండిన జీడిమామిడి రంగుకొచ్చిందని బావ అంటేనే తలుపు తెరిచేవారు. చల్లారిన ఫ్రేము మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా మిషనుతో చిన్న చిన్న గుంటలు నొక్కి, గట్టిదనం అంతటా ఒకేలా ఉందో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. మరీ గట్టిపడితే విరుగుతుంది, మెత్తగా ఉండిపోతే బరువుకు వంగుతుంది. బావ చేతి ఫ్రేమును వెనక్కి పంపాల్సిన అవసరం ఏళ్ళ తరబడి రాలేదు.

ఒక వేసవిలో గట్టిదనం అంకెలు తప్పడం మొదలైంది. మొదట నా మిషనునే అనుమానించాను, తర్వాత ఉక్కును తిట్టుకున్నాను. ఒక ఆదివారం అక్క వడ్డిస్తుండగా, ఎదురుగా ఉన్న మంచినీళ్ళ గ్లాసు కోసం బావ నేలంతా తడుముకోవడం చూశాక, తప్పు మిషనుదీ ఉక్కుదీ కాదని తెలిసింది. ఆ నిప్పుల వెలుగులోకి చూసి చూసి బావ కళ్ళకు శుక్లాలొచ్చి మసకబారాయి. పని పోతుందని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దాచారు.

మర్నాడు అంకెలు తప్పిన ఫ్రేములన్నీ నా ముందున్నాయి. సంతకం పెడితే అక్క ఇల్లు నిలుస్తుంది, ఆ లారీలెక్కే వాళ్ళ సంగతి దేవుడికెరుక. నా తటపటాయింపు చూసి బావే దగ్గరకొచ్చాడు.

"పనికిరావని రాసీరా. ఆటి మీద తిరిగేది మడుసులే కదా," అన్నాడు.

రాశాను. ఆయన్ని ఫర్నేసు నుంచి తప్పించి తక్కువ జీతానికి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆపరేషన్ చేయించినా చూపు సగమే తిరిగొచ్చింది.

"అచ్ఛా, ఇనప ముక్కల్లో తేడా కనిపించింది గానీ నీ అక్క సంసారం కనిపించనేదేటి?" అనడిగింది అక్క. నాతో అదే ఆఖరి మాట. బావ పోయిన రోజు పక్కన కూర్చుంటే తల తిప్పుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు తనూ పోయింది.

ఇప్పుడు అలాంటి చోట్ల వేడి ఎంతుందో తెర మీద అంకెలే చెబుతాయట, ఎవరూ నిప్పుల్లోకి చూడక్కర్లేదట. మంచి రోజులే, కానీ మా ఇంటికి ఆలస్యంగా వచ్చాయి. ఈ కొత్త చూపుతో ఆ ఫ్రేములే మళ్ళీ నా ముందు పెట్టినా పనికిరావనే రాస్తాను. అక్క మళ్ళీ నాతో మాట మానేస్తుందని తెలిసి కూడా రాస్తాను.